అడవి, బతుకుతెరువు: విశాఖలో తరచూ వినే అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఉంటూ అడవి అంచు ఊళ్లతో పని చేస్తుంటాను. రక్షిత అడవుల మాటెత్తితే చాలు, దాదాపు ప్రతిచోటా ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: ఊళ్లు ఖాళీ చేయిస్తే అడవి దానంతటదే కోలుకుంటుంది.

వాస్తవం: కొన్నిచోట్ల కోలుకుంటుంది. మరికొన్నిచోట్ల ఆ ఖాళీలో లాంటానా అనే కలుపు పొద అల్లుకుపోతుంది. దాని ఆకు పశువులకు విషం. ఎండ తగిలే చోట గుబురుగా పెరిగి గడ్డిని, చెట్ల మొలకలను అణిచేస్తుంది. మేత తగ్గితే అడవి అంచున మిగిలిన ఊళ్లవాళ్లు ఆవులను ఇంకా లోపలికి తోలాలి, లేదా అమ్ముకోవాలి. లోపలికి తోలితే అక్కడి లేత మొక్కలు పోతాయి. అమ్ముకుంటే పొలానికి పెంట ఉండదు, పంట తగ్గుతుంది, చేతి ఖర్చుకు కట్టెల మోపే దిక్కవుతుంది. అడవి మారి బతుకును మార్చింది, ఆ బతుకు మళ్లీ అడవి మీదే పడింది. ఇదంతా చూడకుండా "ఊరోళ్లే నరికేశారు" అంటే నాకు బాధగా ఉంటుంది.

మన కంబాలకొండనే చూడండి. ఒకప్పుడు విజయనగరం రాజుల ఏలుబడిలో ఉన్న ఈ అడవి 2002లో అభయారణ్యమైంది. విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. చుట్టూ మధురవాడ, అడవివరం వైపు నగరం పెరుగుతూ వచ్చింది. కట్టెల మోపుతో వచ్చే మనిషి అందరికీ కనిపిస్తాడు. చిరుత తిరిగే దారికి అడ్డంగా లేచిన గోడను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

అపోహ: అటవీ ఫలసాయం సేకరిస్తే అడవి నాశనమవుతుంది.

వాస్తవం: ఎలా సేకరిస్తారన్నదే అసలు విషయం. జిగురు కోసం తపసి చెట్టుకు గొడ్డలితో లోతుగా గాట్లు పెడితే చచ్చిపోతుంది. బెరడును చిన్నగా గీసి, గాయం మానేదాకా ఆగితే ఏళ్ల తరబడి జిగురు ఇస్తుంది. మట్టి, బెరడు కలవని తెల్ల జిగురుకు ధరా ఎక్కువే. కానీ వచ్చే ఏడాది కూడా ఆ చెట్టు తనకే దక్కుతుందన్న నమ్మకం ఉంటేనే ఎవరైనా ఆగుతారు. 1956లో ఏర్పడి, విశాఖ కేంద్రంగా నడుస్తున్న గిరిజన సహకార సంస్థ సరైన ధరకు, సరైన సమయానికి కొనడం కూడా అందుకే ముఖ్యం. సంతలో అప్పటికప్పుడు అమ్ముకోవాల్సిన టెన్షన్ ఉన్నవాళ్లు గాయం మానేదాకా ఎలా ఆగుతారు?

అపోహ: అభయారణ్యంలో ఊరివాళ్లకు హక్కులుండవు.

వాస్తవం: ఉంటాయి. 2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలకు, జాతీయ పార్కులకు కూడా వర్తిస్తుంది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి, 4 హెక్టార్లకు మించకుండా, హక్కు పొందవచ్చు. గిరిజనేతరులైతే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడ ఉంటూ అడవి మీద ఆధారపడినట్టు చూపాలి. హక్కుల పరిశీలన పూర్తికాకుండా ఎవరినీ ఖాళీ చేయించకూడదు.

అపోహ: ఉపగ్రహ చిత్రంలో పచ్చగా ఉంటే అడవి బాగున్నట్టే.

వాస్తవం: భారత అటవీ సర్వే లెక్కలో హెక్టారుకు పైబడిన స్థలంలో చెట్ల నీడ 10 శాతం దాటితే చాలు, అది అటవీ విస్తీర్ణమే. జీడితోటైనా, నీలగిరి తోటైనా తేడా లేదు. అందుకే మ్యాప్ చూశాక, అసలు అడవి ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి ఊళ్లోకి వెళ్లి, విస్తర్లు కుట్టే అడ్డాకుల కోసం ఎంత దూరం నడుస్తున్నారని ఆడవాళ్లను అడుగుతాను. వాళ్ల అమ్మలు ఏ గట్టు దగ్గర కోసేవారో కూడా అడుగుతాను.