మూడు రాజధానుల మాట వెనక 133వ సెక్షన్

ఆంధ్రప్రదేశ్ రాజధానిగా అమరావతి పేరు చట్టంలో రాయాలా వద్దా అన్న గొడవ మళ్లీ లేచింది, దాంతోపాటే పాత మాట కూడా. దక్షిణాఫ్రికాలో మూడు రాజధానులున్నాయి కదా మనకెందుకు ఉండకూడదు అని గుంటూరు కోర్టు ఆవరణలో టీ తాగుతూ కూడా అంటున్నారు. 2014 విభజన, అమరావతి కోసం 29 ఊళ్ల రైతులిచ్చిన 34 వేల ఎకరాలు, 2015 శంకుస్థాపన, ఇవి ఇక్కడ ఎవర్ని లేపి అడిగినా చెప్తారు కాబట్టి వాటి జోలికి పోవట్లేదు. 2019 డిసెంబర్ 17న అసెంబ్లీలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ గారు దక్షిణాఫ్రికా పేరు చెప్పారు, అప్పటినుంచి ఆ దేశం మన వాదనల్లో ఉండిపోయింది, కానీ ఆ మూడూ అక్కడ ఎలా వచ్చాయో చదివినవాళ్లు నాకైతే పెద్దగా తగల్లేదు. అందుకే 1909 నాటి సౌత్ ఆఫ్రికా యాక్ట్ ప్రింట్ తీసుకుని కూర్చున్నా.

అప్పటికి అది ఒక దేశం కాదు. కేప్, నటాల్, ట్రాన్స్‌వాల్, ఆరెంజ్ రివర్ అని నాలుగు కాలనీలు, అందులో రెండు కొన్నేళ్ల కిందటే బ్రిటిష్ వాళ్లతో యుద్ధం చేసి ఓడినవి. ఒక్కటవుదామని 1908 అక్టోబర్‌లో డర్బన్‌లో కూర్చున్నారు. అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టిన వాటిలో రాజధాని ఒకటి, ఎందుకంటే నలుగురికీ అప్పటికే సొంత రాజధానులున్నాయి, ఎవరూ వదులుకోరు. చివరికి పంచుకున్నారు. 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ప్రిటోరియాలో, 23వ సెక్షన్ ప్రకారం చట్టసభ కేప్‌టౌన్‌లో, 109వ సెక్షన్ ప్రకారం అప్పీలు కోర్టు బ్లూమ్‌ఫాంటీన్‌లో. ఈ సెక్షన్లలో రాజధాని అన్న మాటే వాడలేదు చూడండి, ప్రభుత్వానికి 'సీట్', చట్టసభకి 'సీట్', అంతే. మనం మూడు రాజధానులు అని చెప్పుకునేది వాళ్ల కాగితం మీద ఏ అంగం ఎక్కడ కూర్చోవాలన్న లెక్క.

ఇప్పుడు అసలు సంగతి. నటాల్ రాజధాని పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కి ఏమీ దక్కలేదు, ఆరెంజ్ రివర్ రాజధాని బ్లూమ్‌ఫాంటీన్‌కి కోర్టు వచ్చినా ప్రభుత్వం పోయింది. దానికి 133వ సెక్షన్ పెట్టారు. రాజధాని హోదా పోయి ఊరి కళ తగ్గుతుంది కాబట్టి ఆ రెండు మున్సిపాలిటీలకీ 1909 జనవరి 31 నాటికి ఉన్న అప్పుల మీద ఏడాదికి నూటికి రెండు చొప్పున, 25 ఏళ్లకి మించకుండా, కేంద్ర ఖజానా నుంచి డబ్బు కట్టాలి అని. తేదీతో సహా, రేటుతో సహా, విలీనం చేసిన చట్టంలోనే రాశారు. నా దృష్టిలో మొత్తం కథ ఇక్కడే ఉంది. ఊరు నష్టపోతుందని ముందే ఒప్పుకుని, ఎంత ఇస్తామో రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టుకున్నారు. నటాల్ అయితే 1909 జూన్‌లో ఓటింగ్ కూడా పెట్టి మరీ చేరింది.

దాన్ని గొప్ప న్యాయం అనను, అనకూడదు కూడా. ఆ నేల మీద ఎక్కువమంది నల్లజాతి వాళ్లే, ఆ బల్ల దగ్గర మాత్రం వాళ్లకి చోటు లేదు, లండన్ దాకా ప్రతినిధులు వెళ్లి మొరపెట్టుకున్నా బ్రిటిష్ పార్లమెంటు అలాగే పాస్ చేసేసింది, 1910 మే 31న యూనియన్ వచ్చింది. ఆ తర్వాత వర్ణవివక్ష పోయి 1996 రాజ్యాంగం వచ్చినా పార్లమెంటు ఊరిని పేరుతోనే రాశారు, 42వ సెక్షన్‌లో కేప్‌టౌన్ అని, మార్చాలంటే పార్లమెంటు చట్టం చెయ్యాలని. రెండు ఊళ్ల ఖర్చు బరువైందని 2016లో అధ్యక్షుడు జుమానే పార్లమెంటులో అన్నాడు. బ్లూమ్‌ఫాంటీన్ మాట కూడా మారింది, అప్పీలు కోర్టు అక్కడే ఉన్నా దానిమీది రాజ్యాంగ న్యాయస్థానం జొహానెస్‌బర్గ్‌లో ఉంది.

మనకీ ఇలాంటి బేరం ఒకటుంది, అది విదేశంది కాదు. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒప్పందం. రాజధాని, హైకోర్టు చెరో ప్రాంతంలో ఉండాలి, ఏది కావాలో ఎంచుకునే హక్కు రాయలసీమది. 1953లో ఆ ప్రకారమే కర్నూలు రాజధాని అయింది, 1954 జులై 5న మా గుంటూరుకి హైకోర్టు వచ్చింది. 1956లో రెండూ హైదరాబాద్ వెళ్లిపోయాయి. కర్నూలుకి 133 లాంటి సెక్షన్ ఎవరూ రాయలేదు, సీమవాళ్ల కోపంలో న్యాయం ఉందని నేను ఒప్పుకుంటా. కానీ శ్రీబాగ్ కూడా రాష్ట్రం రాకముందే చేసుకున్న బేరం, దాన్ని చూపించి భూములిచ్చేశాక బేరం మారుస్తామంటే ఎట్లా.

2020 మూడు రాజధానుల చట్టంలో జరిగింది అదే. భూమిని రాజధానికి అప్పగించే 9.14 అగ్రిమెంట్ మీద రైతు సంతకం పెట్టాక, ఎకరాకి మెట్టకైతే వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల కమర్షియల్ అని రాసిచ్చాక, ఆ ప్లాటుకి విలువ తెచ్చే పరిపాలనని విశాఖకి మార్చేశారు. అటువైపు వాదన కూడా ఉంది, 2014 విభజన చట్టం 5వ సెక్షన్‌లో 'ఒక కొత్త రాజధాని' అని ఉన్నా చట్టాల్లో మాటల్ని ఎలా చదవాలో చెప్పే జనరల్ క్లాజెస్ యాక్ట్ 13వ సెక్షన్ ప్రకారం ఏకవచనంలో బహువచనం కూడా కలిసే ఉంటుందని 2020 సెప్టెంబర్‌లో కేంద్రమే హైకోర్టుకి చెప్పింది. వ్యాకరణం సరే. హైకోర్టు ప్రధాన స్థానం మాత్రం ఆ విభజన చట్టమే 31వ సెక్షన్‌లో రాష్ట్రపతి ఉత్తర్వుకి వదిలింది, అసెంబ్లీ ఒక్కటే కర్నూలుకి పంపగలిగేది కాదు. 2021 నవంబర్‌లో ఆ చట్టాల్ని వెనక్కి తీసుకున్నారు, 2022 మార్చి 3న హైకోర్టు రైతులకి ఇచ్చిన మాట నిలబెట్టమంది, అదే ఏడాది నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆ తీర్పులో రాజధాని పనులకి పెట్టిన గడువుల్ని ఆపింది.

మొన్న ఆ ప్రింట్ పట్టుకుని కోర్టు బయట వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చుంటే రాజధాని ఊరు తుళ్లూరు వైపు నుంచి వాయిదాకి వచ్చిన ఒక పెద్దాయన ఏంటిది బాబూ అని అడిగాడు. 133 దగ్గర ఎర్రపెన్నుతో గీత గీసుకున్నా, అది తెలుగులో చదివి చెప్పా. నూటికి రెండు దగ్గర ఆగి మళ్లీ చెప్పమన్నాడు. చెప్పా. "ఊరుకి రాశారు, బానే ఉంది, మరి పొలం ఇచ్చినోడికి ఎంత రాశారు బాబూ అందులో?" అన్నాడు.

మళ్లీ మొదటినుంచి వెతికా. ఆ సెక్షన్‌లో పొలం మాట లేదు.