గోదావరి గట్టు మీద సైకిల్ ప్రయాణం: అపోహలు, వాస్తవాలు

రాజమహేంద్రవరం నుంచి గోదావరి గట్ల వెంట సైకిల్ తొక్కేవారిని వెంటబెట్టుకొని వెళ్లడం పన్నెండేళ్లుగా నా ఆదివారపు పని. కొత్తగా వచ్చేవారిలో చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు: "కొండలు లేవు కదా, ఇంక కష్టమేముంది?" మిగిలిన అపోహల్లో సగం ఆ మాటలోంచి పుట్టినవే కాబట్టి నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: డెల్టా చదునుగా ఉంటుంది కనుక తొక్కడం తేలిక, నదితో పాటు దిగువకు వెళ్తే సైకిల్ దానంతటదే సాగిపోతుంది.

వాస్తవం: ధవళేశ్వరం బ్యారేజీ ఎగువన పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 14 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి సముద్రానికి దాదాపు 70 కిలోమీటర్ల దూరం ఉంది. అంటే కిలోమీటరుకు 20 సెంటీమీటర్ల వాలు. సైకిలుతో కలిపి 80 కిలోల బరువున్న మనిషి గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఈ వాలు అతనికి చేసే సాయం ఒక వాట్ శక్తికి మించదు. ఆ వేగాన్ని నిలబెట్టడానికి అతను పెట్టే శ్రమతో పోలిస్తే అది లెక్కలోకి రానిది. నీరు వాలు వెతుక్కొని పోగలదు గాని, మన కాళ్లకు ఆ వాలు తెలియదు.

ఇంకొక సంగతి ఉంది. కొండదారిలో ఎక్కినంతసేపు కష్టపడినా దిగేటప్పుడు కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది, మనిషి సీటు మీద అటూ ఇటూ కదులుతాడు. గట్టు మీద అలాంటి విరామం ఉండదు. పెడల్ ఆపితే సైకిలు నెమ్మదిస్తుంది. నాలుగు గంటలు ఒకే భంగిమలో కూర్చొని తొక్కిన తరువాత ముందుగా మొరాయించేవి కాళ్లు కావు, అరచేతులు, మెడ, నడుము. అందుకే నేను ప్రతి అరగంటకు ఒకసారి అందరినీ సీటు మీద నుంచి లేచి నిలబడి ఒక నిమిషం తొక్కమంటాను.

అపోహ: అడ్డంకి అంటే ఎత్తే, గాలిది పెద్ద లెక్క కాదు.

వాస్తవం: ఈ ప్రాంతంలో కొండ చేయవలసిన పని గాలి చేస్తుంది. గాలి నిరోధం వేగంతో పాటు కాక, వేగపు వర్గంతో పాటు పెరుగుతుంది. గాలి కదలని రోజున గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వ్యక్తి, గంటకు 15 కిలోమీటర్ల ఎదురుగాలిలో కూడా అదే వేగాన్ని నిలబెట్టుకోవాలంటే మూడు రెట్ల గాలి నిరోధాన్ని నెట్టుకుంటూ పోవాలి. పైగా గట్టు పొలాల కంటే ఎత్తుగా ఉంటుంది, నది వైపు చెట్ల చాటు చాలాచోట్ల ఉండదు. కింద కొబ్బరితోటల మధ్య ఆకు కదలని వేళ కూడా గట్టు మీద చొక్కా ఎగురుతూనే ఉంటుంది.

కాబట్టి దారిని ఎంచుకోవడం కంటే ముందు వేళను, దిశను ఎంచుకోవాలి. వేసవిలో పొద్దెక్కాక సముద్రం వైపు నుంచి పైరగాలి మొదలవుతుంది. తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరి, ధవళేశ్వరం మీదుగా గోదావరి పాయ అయిన గౌతమి ఎడమ గట్టు వెంట జేగురుపాడు, కపిలేశ్వరపురం దాటి, గాలి తిరగకముందే కోటిపల్లి చేరుకుంటే, తిరుగు ప్రయాణంలో అదే గాలి వీపున ఉండి నెడుతుంది. ఒకసారి మేము ఆలస్యంగా బయలుదేరి కపిలేశ్వరపురం దగ్గర టీకి ఆగినప్పుడు అక్కడ కూర్చున్న ఒక పెద్దాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఆయ్, గాలి తిరిగిందండి. ఇప్పుడు కిందికెళ్తే మీ పని అయినట్టేనండి" అన్నారు. ఆయన అన్నట్టే అయింది. శీతాకాలంలో వీచే ఈశాన్య గాలి ఈ దారిలో వెళ్లేటప్పుడు ఎడమ నుంచి, వచ్చేటప్పుడు కుడి నుంచి తగులుతుంది. దాని వల్ల లాభమూ లేదు, పెద్ద నష్టమూ లేదు, కాని పక్కగాలికి హ్యాండిల్ మీద ఏమరుపాటు పనికిరాదు.

అపోహ: గట్టు రోడ్డు మీద వాహనాలు ఉండవు, కనుక ప్రమాదమూ ఉండదు.

వాస్తవం: 16వ నంబరు జాతీయ రహదారితో పోలిస్తే వాహనాలు తక్కువన్న మాట నిజమే. అయితే ఇది నిజానికి రోడ్డు కోసం వేసిన కట్ట కాదు. వరదను ఆపడానికి వేసిన కట్ట మీద తరువాత తారు పడింది. వెడల్పు తక్కువ, చాలాచోట్ల పక్కన పిట్టగోడ ఉండదు, తారు అంచు దాటితే ఇరువైపులా వాలు. ఎదురుగా ఇసుక లారీ వస్తే తప్పుకోవడానికి స్థలం ఉండదు కనుక, దూరం నుంచే చూసి, కాస్త వెడల్పున్న చోట ఆగిపోవడమే మేలు. పట్టుదలతో ముందుకు వెళ్లడంలో గొప్పదనం లేదు.

లారీ కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది లారీ వదిలిన ఇసుక. నదిలో ఇసుక నింపుకొనే ర్యాంపు నుంచి బండి గట్టు ఎక్కే చోట తారు మీద పలుచగా పరుచుకున్న ఇసుక ఎండలో కంటికి ఆనదు. అలాంటి ఒక మలుపులో బ్రేకు పట్టి, ముందు చక్రం జారి, మోచేతి చర్మం రోడ్డుకు అప్పగించి వచ్చాను. అప్పటి నుంచి ర్యాంపు కనిపించగానే ముందే వేగం తగ్గించి, మలుపు తిరిగేటప్పుడు బ్రేకు ముట్టుకోకుండా, సైకిలును నిలువుగా ఉంచి దాటుతున్నాను.

రోడ్డు స్వభావం పంట కాలాన్ని బట్టి కూడా మారుతుంది, ఈ సంగతి ఏ మ్యాపులోనూ కనిపించదు. సార్వా నాట్ల సమయంలో ట్రాక్టర్ల దమ్ము చక్రాలు తారును గీరి, పొలంలోని బురదను రోడ్డెక్కిస్తాయి. నవంబరు, డిసెంబరుల్లో సార్వా కోతలు, ఏప్రిల్ ప్రాంతంలో దాళ్వా కోతలు జరిగేటప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. వడ్లగింజ మీద చక్రం పడితే పూసల మీద పడినట్టే జారుతుంది; రాశుల చుట్టూ పెట్టిన రాళ్లు, వాటి మీద కప్పిన నల్లటి టార్పాలిన్లు వేకువ చీకటిలో అసలు కనిపించవు. రైతుకు కళ్లం లేక రోడ్డు మీద ఆరబోస్తున్నాడు, ఆ ధాన్యం అతని ఏడాది కష్టం. గింజల మీద నుంచి పోకుండా దిగి నడిపించుకొని వెళ్లడానికి మనకు పట్టేది ఒక నిమిషం. ఆ నెలల్లో మాత్రం ముందు దీపం లేనివారిని నేను తెల్లవారకముందు బయలుదేరనివ్వను.

అపోహ: ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించాలంటే కుడివైపున తొక్కాలి.

వాస్తవం: అది కాలినడకన వెళ్లేవారికి చెప్పే జాగ్రత్త. సైకిలు వాహనమే, ఎడమవైపునే వెళ్లాలి.

అపోహ: సన్నటి టైరు, బిగువైన గాలి ఉంటేనే వేగం.

వాస్తవం: నున్నటి ట్రాకు మీద ఆ మాటకు కొంత బలం ఉంది. అతుకుల తారు మీద మాత్రం రాయిలా బిగిసిన టైరు ప్రతి గతుకుకూ సైకిలును, మనిషిని పైకి ఎగరేస్తుంది, ముందుకు నెట్టవలసిన శక్తి ఆ కుదుపుల్లో ఖర్చవుతుంది. 28 నుంచి 32 మిల్లీమీటర్ల టైరులో మధ్యస్థంగా గాలి నింపుకొన్నవారే మా బృందంలో రోజు చివరకు తాజాగా కనిపిస్తారు. ఖరీదైన సైకిలు ఉంటేనే దూరం వెళ్లగలమన్న భ్రమ కూడా దీనికి తోబుట్టువే. గడువులోగా పూర్తి చేయవలసిన దూరపు సైకిల్ ప్రయాణమైన బ్రెవేలో 200 కిలోమీటర్లకు ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. ఆగే సమయంతో కలిపి లెక్కవేస్తే గంటకు 15 కిలోమీటర్లు కూడా కాదు. ఆ వేగాన్ని ఆపేది సాధారణంగా సైకిలు కాదు, టీ కొట్టు.

అపోహ: కోనసీమలో అడుగడుగునా బొండాలు దొరుకుతాయి, ఇంకేమీ తాగనక్కరలేదు.

వాస్తవం: కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో మనం ప్రధానంగా పోగొట్టుకునేది సోడియం. బొండాలు మాత్రమే తాగుతూ మధ్యాహ్నం దాకా తొక్కినవారికి తలనొప్పి, పిక్కలు పట్టేయడం నేను చాలాసార్లు చూశాను. ఉప్పు లోటు ఒక్కటే కారణమని అనలేను, ఎండకూ అలసటకూ అందులో వాటా ఉంటుంది. బొండం తాగండి, దానితో పాటు ఉప్పు వేసిన మజ్జిగ గాని, లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు ఉండేలా తయారయ్యే ఓఆర్ఎస్ గాని తీసుకోండి. రక్తపోటుకు మందులు వాడేవారు ముందుగా వైద్యుడిని అడగడం మంచిది.

అపోహ: వెళ్లిన దారినే తిరిగి రావాలి, నది దాటడానికి జాతీయ రహదారి వంతెనలు తప్ప దిక్కులేదు.

వాస్తవం: కోటిపల్లి రేవులో పంటు (మనుషులను, బండ్లను దాటించే పడవ) ఎక్కి గౌతమి దాటితే ముక్తేశ్వరం. అక్కడి నుంచి అమలాపురం, కొత్తపేట, రావులపాలెం మీదుగా జొన్నాడ వంతెన దాటి ఇల్లు చేరితే 130 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఒక చుట్టు పూర్తవుతుంది. ఇంకా దూరం వెళ్లేవారికి సఖినేటిపల్లి నుంచి నరసాపురం వైపు మరో పాయ వశిష్ఠను దాటే రేవు ఉంది. పంటు మీద సైకిలు పట్టుకొని నిలబడే ఆ కాసేపే ఈ చుట్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

అపోహ: కొవ్వూరు నుంచి నది వెంటే తొక్కుకుంటూ పాపికొండలు చూసి రావచ్చు.

వాస్తవం: తాళ్లపూడి, పట్టిసీమ మీదుగా పోలవరం ఊరి దాకా సుమారు 30 కిలోమీటర్లు హాయిగా వెళ్లవచ్చు. ఆపైన కొండలు నదిని ఇరువైపులా ఒరుసుకొని ఉంటాయి; ఆ గండిలో ఒడ్డు వెంట సైకిలు దారి లేదు. అవతలి ఒడ్డున దేవీపట్నం దాకా వెళ్లిన పాత అనుభవాలను నమ్ముకోవడమూ కుదరదు. 2021లో పోలవరం కాఫర్ డ్యాం (నిర్మాణం కోసం వేసిన తాత్కాలిక కట్ట) వద్ద నదిని స్పిల్‌వే వైపు మళ్లించాక ఆ మండలంలోని తీర గ్రామాలు ముంపులో చిక్కుకున్నాయి. కొండలే కావాలనుకుంటే రంపచోడవరం, మారేడుమిల్లి ఘాట్ దాటి శబరి ఒడ్డున ఉన్న చింతూరుకు వెళ్లాలి. అది వేరే ప్రయాణం, దానికి తక్కువ గేర్లు, నమ్మకమైన బ్రేకులు, రెండు రోజుల వ్యవధి కావాలి.

అపోహ: వరద చూడటానికి గట్టు కంటే మంచి చోటు లేదు.

వాస్తవం: ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేస్తారు. మొదటి హెచ్చరిక నాటికి బ్యారేజీ నుంచి దిగువకు వెళ్లే ప్రవాహం సుమారు 10 లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టు వరదలో అది 35 లక్షలు దాటింది. హెచ్చరిక వెలువడిన రోజుల్లో లంకలకు వెళ్లే కాజ్‌వేలు మునుగుతాయి, పంట్లు ఆగిపోతాయి, గట్టు మీద సిబ్బంది గండ్ల కోసం రాత్రింబవళ్లు కాపలా కాస్తుంటారు. ఇసుక బస్తాల బండ్లు తిరిగే ఆ ఇరుకు దారిలో మన సైకిళ్లు వారికి అడ్డం. జులై నుంచి సెప్టెంబరు దాకా నేను శనివారం సాయంత్రం భద్రాచలం నీటిమట్టం చూస్తాను. అక్కడ మొదటి హెచ్చరిక స్థాయి అయిన 43 అడుగులు దాటితే, ఆ నీరు మన దగ్గరికి చేరేలోపే, ఆదివారం రైడ్ లేదని అందరికీ కబురు పెడతాను.