ఒక్క ముక్క చూడ్డానికి ధర ఎంత?

సంక్రాంతి వచ్చిందంటే కోనసీమలో అరుగుల మీద, కొబ్బరి తోటల్లో పరిచిన చాపల మీద రమ్మీ మొదలవుతుంది. పదమూడు ముక్కలూ సర్దుకోగానే అందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: డ్రాపా (కొన్ని పాయింట్లు ఇచ్చి చెయ్యి వదిలేయడం), ఆటా? జోకర్లు పడ్డాయా లేదా అన్నది చూసి చాలామంది తేల్చేస్తారు. అది సగం లెక్కే. నిలబడడానికి ఎంత ఖర్చవుతుంది, గెలిచే వీలు ఎంత ఉంది అన్న రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. పోకర్ ఆడేవాళ్లు పాట్ ఆడ్స్ అనేది దీన్నే. అక్కడ లెక్క తేటగా కనిపిస్తుంది కాబట్టి ముందు పోకర్‌తో మొదలుపెట్టి రమ్మీకి వద్దాం. పందేనికి చింతగింజలు చాలు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. పైగా ఈ లెక్కకు డబ్బుతో పనే లేదు.

పోకర్‌లో మీ చేతిలో రెండు ఆఠీన్లు ఉన్నాయి. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా తెరిచిన నాలుగు ముక్కల్లో మరో రెండు ఆఠీన్లు. ఇంకొకటి పడితే అయిదూ ఒకే రంగు, అంటే ఫ్లష్. తెరవాల్సింది ఇంకొక్క ముక్కే. మీకు కనబడని ముక్కలు 52 - 6 = 46. మొత్తం 13 ఆఠీన్లలో నాలుగు కనిపించాయి కాబట్టి పనికొచ్చేవి 9. మీ అవకాశం 9/46, అంటే 19.6 శాతం.

బల్ల మధ్య 100 గింజలున్నాయి. ఎదుటివాడు 50 వేశాడు, మీరూ 50 వెయ్యాలి. మీరు వేశాక కుప్ప 200 అవుతుంది, అందులో మీ వాటా 50. కనీసం 25 శాతం అవకాశం ఉంటేనే ఇది గిట్టుతుంది. మీకున్నది 19.6. ఇలాంటి సందర్భంలో ప్రతిసారీ వేస్తూ పోతే సగటున సారికి 11 గింజల దాకా పోతాయి. అదే ఎదుటివాడు 20 మాత్రమే వేస్తే ధర 20/140, అంటే 14.3 శాతం. ఇప్పుడు వెయ్యాలి, సగటున 7 గింజలు మిగులుతాయి. ముక్కలు మారలేదు, ధర మారింది.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. మొదటిది, కుప్పలో తాము వెయ్యబోయే 50ని కలపడం మరిచి 50/150 అనుకోవడం. దాంతో వెయ్యాల్సిన చోట కూడా వదిలేస్తారు. రెండోది, రెండు ముక్కలు తెరవాల్సి ఉన్నప్పుడు వచ్చే 35 శాతాన్ని ఒక్క ముక్కకు వాడేయడం. మధ్యలో మళ్లీ పందెం కట్టక్కర్లేకుండా రెండూ చూడగలిగితేనే ఆ 35 నిజం. మూడోది, ఒకే ముక్కను రెండుసార్లు లెక్కపెట్టడం: రంగుకు 9, వరసకు 8 కలిపి 17 అంటారు. రెండింటికీ పనికొచ్చేవి రెండుంటే అసలు సంఖ్య 15.

ఇప్పుడు రమ్మీ. రెండు పేకలు, రెండు అచ్చు జోకర్లు కలిపి 106 ముక్కలు. మీ చేతిలో 13, కోసి తీసిన జోకరు ఒకటి, తెరిచిన ముక్క ఒకటి పోగా కనబడనివి 91. ఇస్పేటు 6, 7 చేతిలో ఉండి లైఫ్ (జోకరు సాయం లేకుండా ఒకే రంగులో కుదిరిన వరస) కోసం 5 గానీ 8 గానీ రావాలంటే పనికొచ్చేవి 4. మూసిన పేకలోంచి తీసే ఒక్క ముక్కకు అవకాశం 4.4 శాతం, అయిదు ముక్కలకు 20.5 శాతం. అదే 6, 8 పట్టుకుని 7 కోసం చూస్తుంటే పనికొచ్చేవి రెండే, అయిదు ముక్కలకూ 10.7 శాతమే. పై ఆటగాడు పారేసే ముక్కా మీకు దొరకొచ్చు కాబట్టి అసలు వీలు ఇంతకన్నా కొంత ఎక్కువ. కానీ ఒక ఇస్పేటు 8 కింద పడిందా, నాలుగు మూడవుతుంది. 1967లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన కేసులో రమ్మీని ప్రధానంగా నైపుణ్యమున్న ఆటగా చెబుతూ, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాల్సి రావడాన్ని ఒక కారణంగా చూపింది.

అయితే రమ్మీలో అసలు బరువు మరోచోట ఉంది. ఓడినవాళ్లు చేతిలో కుదరని ముక్కల పాయింట్లు ఇచ్చుకోవాలి కాబట్టి, ఓడితే ఎంత పోతుందన్నది ముందే తెలియదు. ముక్క తీయకముందే వదిలేసే మొదటి డ్రాప్‌కి 20 పాయింట్లు, తీశాక మధ్యలో వదిలేసే మిడిల్ డ్రాప్‌కి 40, ఓడితే గరిష్ఠంగా పడే ఫుల్ కౌంట్‌కి 80. నలుగురి ఆటలో గెలిస్తే ముగ్గురి దగ్గరా తలా 30 చొప్పున 90 వస్తాయనుకుందాం. ఓడితే సగటున 50 పోయే చెయ్యి అయితే, డ్రాప్ కన్నా ఆట మేలు కావడానికి కావలసిన అవకాశం (50 - 20)/(90 + 50), అంటే 21.4 శాతం. ఓడినా 30 దాటని చెయ్యి అయితే 10/120, అంటే 8.3 శాతం చాలు. అందుకే లైఫ్ పడిన చెయ్యి, జోకర్లున్నా లైఫ్ లేని చేతి కన్నా చాలాసార్లు నయం. లైఫ్ లేకపోతే కుదిరిన సెట్లు (ఒకే అంకె ముక్కల జట్లు) కూడా పోయే పాయింట్ల లెక్కలోకి వచ్చేస్తాయి. ఆసు, రాజు, రాణి, జాకీ ఒక్కోటీ పది పాయింట్లు. జత కుదరని రాజును మొదటి రెండు వంతుల్లోనే పారేస్తే గెలుపు దగ్గరపడకపోయినా, ఆడడానికి కట్టే ధర తగ్గుతుంది. ఓడినా 40 లోపే పోతుందనుకుంటే మిడిల్ డ్రాప్ చెప్పడంలో అర్థం లేదు.

ఎక్కువ గింజలు పోగొట్టే అలవాటు మాత్రం ఇది: “ఒక్క ముక్క తీసి చూస్తా, రాకపోతే డ్రాప్.” ముక్క తీసిన క్షణానే 20 కాస్తా 40 అవుతుంది. పనికొచ్చేవి నాలుగే అయితే, అది వచ్చినప్పుడు సగటున 415 పాయింట్లు గెలిస్తేనే ఈ పద్ధతి డ్రాప్‌తో సమానమవుతుంది. నలుగురి ఆటలో మిగతా ముగ్గురూ ఫుల్ కౌంట్ ఇచ్చినా వచ్చేది 240. పనికొచ్చే ముక్కలు 13 దాకా ఉన్నా సగటున 100 గెలవాలి. కాబట్టి మొదటి ముక్క తీసేముందే నిర్ణయం తీసుకోవాలి: ఆ ఒక్కటి రాకపోయినా ఆడదగ్గ చెయ్యి అయితే తీయడం, కాకపోతే అక్కడే 20 ఇచ్చేయడం.