ముక్కు తిరగని కారు: మనవలకు ఉత్తరం

చిరంజీవులు పెద్దదానికి, చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద మీ పోలో జీటీ మలుపులోకి దిగింది, పెద్దది స్టీరింగు తిప్పుతూనే ఉంది, కారేమో పగ్గం లాగినా వినని గిత్తలా నేరుగా పోతోంది. ముందు టైర్ల కీచుమనే అరుపు ఇక్కడి దాకా వినిపించింది. దాన్నే అండర్‌స్టీర్ అంటాం.

చిన్నోడు కింద రాశాడు: "కారు బాగా ఒరుగుతోంది తాతా, ముందు చక్రాలకి గట్టి స్ప్రింగులు వేయిద్దామా?" అని. ఆగరా అబ్బాయ్. ముందు ఈ లెక్క చూడు.

చెరి 400 కిలోలు మోస్తున్న రెండు ముందు టైర్లు చెరి 400 కిలోల పట్టు ఇస్తున్నాయనుకో. మొత్తం 800. మలుపులో 200 కిలోలు లోపలి టైరు మీంచి బయటి టైరు మీదికి పోయాయి. ఇప్పుడు 600 మోసేది 600 పట్టు ఇవ్వదు, ఏ 540 దగ్గరో ఆగిపోతుంది. 200 మోసేది 230 ఇస్తుంది. కలిపితే 770. అంకెలు నేను వేసినవే కానీ టైరు స్వభావం అదే: బరువు పెరిగినంతగా పట్టు పెరగదు. మొత్తం ఎంత బరువు పక్కకి మారాలో కారు బరువు, ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మీ వేగం తేలుస్తాయి. స్ప్రింగులూ, యాంటీ రోల్ బార్లూ (ఎడమ కుడి చక్రాలను కలిపి ఒరుగును తగ్గించే ఉక్కు కడ్డీలు) దాన్ని ఆపలేవు. అందులో ముందుకెంత, వెనక్కెంత అనే పంపకం మాత్రం మన చేతిలో ఉంది. ముందు భాగం గట్టి చేస్తే ఆ పంపకంలో ఎక్కువ భాగం, ఇప్పటికే ఇంజను, గేర్‌బాక్సు మోస్తూ, కారును లాగుతూ, తిప్పుతూ ఉన్న ముందు టైర్ల నెత్తినే పడుతుంది.

అంచేత రెండు దార్లు: ముందు టైరుకి పట్టు పెంచడం, లేదా వెనక టైరు పట్టు కాస్త తగ్గించి సమానం చేయడం. కుర్రాళ్లు రెండోదానికే ఎగబడతారు, వెనక ఒక లావు బార్ కొని బిగిస్తే పనైపోతుందని. నేను మొదటిదే ముందు చేస్తాను.

టైరు భుజం మీద, పక్కగోడ మొదలయ్యే చోట చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది చూడండి. ట్రాక్ మీంచి రాగానే ఆ త్రికోణం అరిగి చెరిగిపోయి ఉంటే టైరు పక్కకి మడతపడి నడుస్తోందని అర్థం. ట్రెడ్ లోపలి అంచు మాత్రం కొత్తదానిలా ఉంటుంది. అంటే అరచేతి వెడల్పు రబ్బరులో సగం ఊరికే కూర్చుంది! కారణం క్యాంబర్, అంటే నిలువు నుంచి చక్రం ఒరిగిన వాలు. రోడ్డు కార్లకు ముందు చక్రం పైభాగం లోపలికి ఒరగడం అర డిగ్రీ అటూ ఇటూ ఉంటుంది. కారు మూడు డిగ్రీలు ఒరిగేసరికి బయటి చక్రం అంచు మీద నిలబడుతుంది. ఆ వాలు మార్చుకోనిచ్చే క్యాంబర్ ప్లేట్లు వేయించి 2 డిగ్రీల నెగటివ్‌కి, అంటే పైభాగం లోపలికి ఒరిగేలా, తెండి. క్యాంబర్ మార్చాక టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో చూసే కోణం) కూడా మారిపోతుంది. మళ్లీ సరిచేయించకపోతే నెలరోజుల్లో టైరు నూలుపోగులు కనిపిస్తాయి. చక్రానికి ఒక మిల్లీమీటరు టో అవుట్ పెడితే ముక్కు చురుగ్గా తిరుగుతుంది, హైవే మీద మాత్రం కారు కొంచెం అటూ ఇటూ వెతుక్కుంటుంది.

కారు కిందికి దించడం గురించి నా పరువు తక్కువ కథ ఒకటి చెప్తాను. వయసులో ఉన్నప్పుడు నా కారు ముందు స్ప్రింగులు ఒకటిన్నర చుట్టు కోయించాను. చూడ్డానికి ఏం అందం! తీరా మలుపులో మునుపటికంటే ఘోరంగా నేరుగా పోయింది. స్ట్రట్ (స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసిన నిలువు కాలు) ఉన్న కారులో, చక్రాన్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్ అడ్డంగా లేదా చక్రం వైపుకి కాస్త వాలి ఉండాలి. మరీ దించితే అది ఎదురు వాలు తిరుగుతుంది. రోల్ సెంటర్, అంటే కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, కారు కంటే ఎక్కువగా కిందికి పడిపోతుంది, ఒరగడం పెరుగుతుంది, స్ట్రట్ నొక్కుకున్నకొద్దీ క్యాంబర్ పోతుంది. ఇలాంటి కార్లలో ఒరుగు మరీ ఎక్కువైతే ముందు బార్ లావు చేయడం వల్లే అండర్‌స్టీర్ తగ్గడమూ ఉంది, చిన్నోడి మాటలో ఆపాటి నిజం ఉంది. కానీ క్యాంబర్ సరిచేశాక చూద్దాం.

ఇంకా అండర్‌స్టీర్ మిగిలితే అప్పుడు వెనక బార్ లావు చేసి వెనక పట్టు తగ్గించడం. బార్ గట్టిదనం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది: 20 మిల్లీమీటర్లది తీసి 22ది వేస్తే రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది, గట్టిదనం మాత్రం 46 శాతం పెరిగింది. మీ కారుకి వెనక రెండు చక్రాలనూ కలిపే టోర్షన్ బీమ్ అనే దూలం ఉంది కాబట్టి దానికి బిగించే బార్ దొరుకుతుంది. లోపలి వెనక చక్రం గాల్లోకి లేస్తే కంగారు పడకండి. అది లేచాక మాత్రం ఇంకా లావు బార్ వేసి లాభం లేదు, మారాల్సిన బరువు అప్పటికే మారిపోయింది.

వెనక పట్టు తగ్గించడమంటే కంపెనీలకు ఎందుకంత భయమో షెవర్లే కోర్వెయిర్ చెబుతుంది. 1960 మోడల్‌గా వచ్చిన ఈ అమెరికా కారుకి ఇంజను వెనక ఉండేది, మలుపులో తోక తిరిగే గుణం ఉండేది. ముందు బార్ పెట్టకుండా, తోక అదుపులో ఉండాలని ముందు టైర్లలో 15, వెనక 26 పీఎస్‌ఐ గాలి పెట్టమని పుస్తకంలో రాశారు. మిగతా కార్లవాళ్లలాగే జనం సమానంగా కొట్టించారు. ముందు బార్ 1964లో గానీ అన్ని కోర్వెయిర్లకీ రాలేదు. అందుకే కంపెనీలు కావాలనే అండర్‌స్టీర్ పెట్టి పంపుతాయి. ముక్కు జారితే మామూలు మనిషి ఆక్సిలరేటర్ వదిలేస్తాడు, బరువు ముందుకొచ్చి కారు దారిలో పడుతుంది. తోక జారే కారులో అలా వదిలితే గిరగిరా తిరుగుతుంది.

పెద్దదానా, నీ తప్పూ ఒకటుంది తల్లీ. టైరు పట్టు దాటిపోయాక కూడా స్టీరింగు ఇంకా తిప్పుతున్నావు. జారుతున్నప్పుడు కొంచెం వెనక్కి తిప్పు, పట్టు తిరిగొస్తుంది. నీ వీడియోలో జారుడు మలుపు నడిమధ్యన ఉంది కాబట్టి పైవన్నీ పనికొస్తాయి. మలుపు బయటికొస్తూ ఆక్సిలరేటర్ తొక్కినప్పుడే జారితే అది డిఫరెన్షియల్ (ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచే భాగం) సంగతి.

ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చినదీ, టైరు చల్లగా ఉన్నప్పటి గాలీ, ల్యాప్ టైమూ నోట్‌బుక్‌లో రాయండి. నెల్లూరు తిరిగొచ్చే ముందు మాత్రం వెనక బార్ విప్పేసి, గాలి కారు తలుపు స్టిక్కర్ మీద ఉన్నట్టు పెట్టించండి. హైవే మీద గేదె అడ్డొస్తే, వాన పడుతుంటే, మీరూ అందరిలాగే ఠక్కున ఆక్సిలరేటర్ వదిలేస్తారు. టైరు వేడి చూసే నా పాత సూది మీటరు మీ అమ్మకిచ్చి పంపుతున్నాను. ట్రెడ్ లోపల, మధ్య, బయట మూడుచోట్లా గుచ్చి, కారు పిట్‌లోకి రాగానే రాసి నాకు పంపండి.

మీ తాతయ్య