తేనెటీగల పెట్టె: అపోహలు, వాస్తవాలు

హన్మకొండ శివారులో మా మామిడి చెట్ల కింద నాలుగు పెట్టెలున్నాయి. చూడ్డానికొచ్చిన ప్రతి ఒక్కరూ ఇవే అడుగుతారు కాబట్టి ఒకేచోట రాసేస్తున్నా.

అపోహ: చెట్టు మీది తుట్టె తెచ్చి పెట్టెలో పెడితే సరి.

వాటర్ ట్యాంకులకు, మర్రి కొమ్మలకు వేలాడే పెద్ద తుట్టె కొండ తేనెటీగలది. అవి ఆరుబయట ఒకే పట్టు కడతాయి, పెట్టెలో ఇమడవు. పొదల్లో అరచేతంత పట్టు పెట్టే చిన్న ఈగలూ అంతే. పెట్టెకు పనికొచ్చేవి తొర్రల్లో, పుట్టల్లో వరుసగా పట్లు కట్టే మన నాటు ఈగలు, లేదంటే ఇటాలియన్ ఈగలు.

అపోహ: పెట్టె కొని పెడితే తేనె దానంతటదే వస్తుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. నేనూ తిన్నాను. మొదటి ఏడాది మే నెలలో పెట్టెను రేకుల షెడ్డు కింద ఉంచాను. ఒక మధ్యాహ్నం మూత తీస్తే రెండు ఫ్రేముల (ఈగలు పట్టు కట్టే చెక్క చట్రాలు) పట్లు జారి అడుగున పడున్నాయి. తేనె, పిల్ల పురుగులు, చచ్చిన ఈగలు అన్నీ కలిసి ఒకటే ముద్ద. మైనం కరగాలంటే 60 డిగ్రీలు దాటాలి గానీ, మన ఎండలకు రేకుల కింద అంతకు ముందే మెత్తబడి తేనె బరువుకు సాగిపోతుంది. ఇప్పుడు చెట్టు నీడ, మూత మీద తడి గోనెసంచి, పక్కనే గులకరాళ్లు వేసిన నీళ్ల బేసిన్ తప్పనిసరి. రాళ్లు లేకపోతే నీళ్లకొచ్చిన ఈగలు మునిగి చస్తాయి. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టకపోతే చీమలు వదలవు. ముసురు పట్టి పూలు దొరకని రోజుల్లో చక్కెర, నీళ్లు సమంగా కలిపి సాయంత్రం పూట పెట్టాలి.

పెట్టె కొనేముందు చుట్టూ కిలోమీటరు నడిచి రండి. చింత, కానుగ, మునగ, నువ్వు చేలు కనిపిస్తే మంచిదే. పత్తి, మిర్చి చేలు ఉంటే ఆ రైతుతో ముందే మాట కలుపుకోండి. "అన్నా, రేపు మందు కొడుతున్నవా?" అన్న ఒక్క ఫోన్ నా పెట్టెల్ని ఎన్నిసార్లు కాపాడిందో! పొద్దున పూత మీద మందు పడితే సాయంత్రానికి ద్వారం ముందు ఈగలు కుప్పలుగా రాలిపోతాయి. కొట్టేది పొద్దు వాలాక కొట్టమనండి.

అపోహ: రాణి ఈగ అందరినీ శాసిస్తుంది.

పేరుకే రాణి. దాని పని గుడ్లు పెట్టడం.

అపోహ: గడ్డకట్టిన తేనె కల్తీది.

తేనెలోని గ్లూకోజ్ గడ్డకట్టడం సహజం. పొద్దుతిరుగుడు తేనె మరీ త్వరగా పేరుకుంటుంది. సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచితే కరుగుతుంది. అగ్గిపుల్ల, నీళ్ల గ్లాసు, కుక్క ముట్టదనడం... ఈ ఇంటి పరీక్షలతో కల్తీ తేలదు, ల్యాబ్‌లో తేలాల్సిందే. ఎంత స్వచ్ఛమైనదైనా ఏడాది నిండని పిల్లల నాలుకకు రాయకండి. అందులో ఉండే ఒక రకం బాక్టీరియా వాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది.

అపోహ: అలవాటైతే కుట్టవు.

కుడతాయి, నన్ను ఇప్పటికీ కుడుతూనే ఉన్నాయి. ముల్లును వెంటనే గోటితో గీకేయాలి. ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. ఒక ఈగ కుట్టిన చోట పండిన అరటిపండు వాసన లాంటిది వస్తుంది. అది మిగతావాటికి పిలుపు. ఆ వాసన తగిలిందంటే నేను కొంచెం పొగ పట్టి, మూత పెట్టేసి ఇంటిదారి పడతాను. పెట్టె సంగతి మర్నాడు.