శ్రీకాకుళం శివారు బస్సులు: రైలు కోసం మొదలై పల్లెల కోసం పెరిగిన దారులు

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో ఉదయం పూట ఓ అరగంట నిలబడి బస్సుల బోర్డులు చదివితే ఈ ఊరి రవాణా చరిత్ర సగం తెలిసిపోతుంది. ఆమదాలవలస, శ్రీకూర్మం, కళింగపట్నం, పొందూరు, నరసన్నపేట, రణస్థలం అంటూ చేరాల్సిన ఊరి పేర్లే కనిపిస్తాయి తప్ప, విశాఖపట్నంలో మాదిరిగా రూటు నంబర్లు కనిపించవు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలై, పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఐదు రకాల బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమయ్యాక, మా కాలనీకి బస్సేదన్న ప్రశ్న పట్టణం అంచుల్లో గట్టిగానే వినిపిస్తోంది. ఆ ప్రశ్నకు జవాబు బస్సుల లెక్కలో కన్నా ఈ దారులు ఎవరి కోసం, ఎప్పుడు పడ్డాయన్న దానిలోనే ఎక్కువగా ఉంది.

జిల్లా కేంద్రానికి రైల్వే స్టేషన్ లేదు. ఈస్ట్ కోస్ట్ రైలు మార్గం 1893-96 మధ్య విజయవాడ నుంచి కటక్ దాకా దశలవారీగా తెరుచుకున్నప్పుడు, అది నాగావళిని శ్రీకాకుళం దగ్గర కాకుండా ఎగువన దాటి, పట్టణానికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలో ఆమదాలవలస మీదుగా సాగిపోయింది. అక్కడి స్టేషన్‌కు పెట్టిన పేరు మొదట చికాకోల్ రోడ్ (ఇంగ్లీషువారు శ్రీకాకుళాన్ని చికాకోల్ అనేవారు), తర్వాత శ్రీకాకుళం రోడ్. రైల్వే వారి పరిభాషలో పేరు చివర ‘రోడ్’ అని ఉంటే, ఆ ఊరు ఇక్కడ లేదు, ఇక్కడి నుంచి రోడ్డున వెళ్లాలని అర్థం. మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే పెద్ద రోడ్డు మీద, నది ఒడ్డున, కళింగపట్నం రేవుకు చేరువలో శతాబ్దాలుగా ఉన్న పట్టణం ఆ ఒక్క మార్పుతో తన ప్రయాణాలన్నిటికీ మరో ఊరి గడప తొక్కవలసి వచ్చింది. మొదట ఎడ్లబళ్లు, జట్కాలు, తర్వాత మోటారు బస్సులు రైలు వేళలను బట్టి ఆ 13 కిలోమీటర్లూ తిరిగాయి. శ్రీకాకుళానికి మొట్టమొదటి శివారు మార్గం ఏదంటే ఇదేనని చెప్పాలి. ఇప్పటికీ ఈ రోడ్డు మీద రద్దీ రైళ్ల రాకపోకలతోనే పెరిగి తగ్గుతుంది.

మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో ఇక్కడి బస్సులన్నీ ప్రైవేటు యజమానులవి. 1939 నాటి మోటారు వాహనాల చట్టం వచ్చాక, ప్రాంతీయ రవాణా ప్రాధికార సంస్థ రూటు రూటుకూ విడిగా పర్మిట్ ఇచ్చే పద్ధతి స్థిరపడింది. పర్మిట్ కాగితం మీద బయలుదేరే ఊరు, చేరే ఊరు, రోజుకు ఎన్ని ట్రిప్పులు అన్నవే ఉంటాయి. అందువల్ల యజమాని కూడా సంత ఎప్పుడు, రైలు ఎప్పుడు, కోర్టు వాయిదాలకు జనం ఎప్పుడు వస్తారన్న లెక్కతోనే బండి నడిపేవాడు. యుద్ధకాలంలో పెట్రోలుకు రేషన్ పెట్టినప్పుడు వెనక బొగ్గు పొయ్యి తగిలించుకున్న బస్సులు మద్రాసు రాష్ట్రమంతటా తిరిగాయి. పట్టణం లోపల ఒక పేట నుంచి మరో పేటకు బస్సు వేయాలన్న ఆలోచన ఆ రోజుల్లో రావడానికి కారణమే లేదు. ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచిపోగలిగినంతే ఉండేది.

1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడదీసి శ్రీకాకుళం జిల్లాను ఏర్పాటు చేయడంతో లెక్క మారింది. కలెక్టరు కచేరీ, కోర్టులు, ఆసుపత్రి, ఖజానా అన్నీ ఒకచోట చేరాయి. ఇచ్ఛాపురం నుంచి సాలూరు దాకా పరుచుకున్న జిల్లాలోని ప్రతి తాలూకాకూ ఇప్పుడు శ్రీకాకుళంలో పని పడింది. సరిగ్గా ఆ ఏడాదే కేంద్రం రోడ్డు రవాణా సంస్థల చట్టం చేసింది. దాని కింద 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది. ప్రైవేటు రూట్లను సంస్థ ఒక్కసారిగా తీసేసుకోలేదు. 1939 చట్టానికి 1956లో చేర్చిన అధ్యాయం ప్రకారం రూట్ల వారీగా పథకం ప్రకటించాలి, అభ్యంతరాలు వినాలి, ఆపై ఆమోదించాలి. యజమానులు కోర్టులకెక్కారు. కృష్ణా జిల్లా బస్సు యజమాని గుళ్లపల్లి నాగేశ్వరరావు వేసిన కేసులో సుప్రీంకోర్టు 1958లో, అభ్యంతరాలు విన్నవారు ఒకరు, నిర్ణయించినవారు మరొకరు అయితే ఆ వినడం వట్టి తంతు అవుతుందని చెప్పింది. న్యాయశాస్త్రం చదివేవారు నేటికీ నేర్చుకునే ఈ సూత్రం ఆంధ్ర బస్సు రూట్ల తగాదాలో నుంచి పుట్టింది. జాతీయకరణ రూటు తర్వాత రూటుగా సాగడంవల్ల, బండి ప్రభుత్వానిదైనా దారి మాత్రం పాత పర్మిట్‌దే అయింది. పట్టణాన్ని ఒక్కటిగా చూసి కొత్తగా గీసిన పటం ఏదీ దానితో రాలేదు.

ఈ దారుల స్వభావం తెలియాలంటే నైట్ హాల్ట్ పద్ధతిని దగ్గరగా చూడాలి. రాత్రి ఆఖరి ట్రిప్పు వెళ్లిన పల్లెవెలుగు బస్సు తిరిగి డిపోకు రాదు, ఆ ఊళ్లోనే నిద్ర చేస్తుంది. డ్రైవరు, కండక్టరు బస్సులోనో, రచ్చబండ దగ్గరి గదిలోనో పడుకుంటారు. తెల్లవారుజామున ఇంజను చప్పుడు వినగానే ఊరు కదులుతుంది. పాల క్యాన్లు, కూరగాయల గంపలు, తీరం వైపు బస్సయితే చేపల గంపలు, ఆ వెనకే పాసులు జేబులో పెట్టుకున్న పిల్లలు, ఆసుపత్రికి వెళ్లే ముసలివాళ్లు ఎక్కుతారు. ఎనిమిది గంటలకల్లా బస్సు కాంప్లెక్సులో ఉంటుంది. రోజంతా తిరిగి, చీకటి పడ్డాక మళ్లీ అదే ఊరికి వెళ్లిపోతుంది. పల్లెకు ఇంతకన్నా మేలైన ఏర్పాటు లేదు. దీన్ని రూపొందించినవారికి పల్లె రోజు ఎలా గడుస్తుందో బాగా తెలుసునని నా నమ్మకం. ఈ ఏర్పాటు పల్లెవాసి పొద్దున పట్టణానికి వచ్చి సాయంత్రం ఇంటికి వెళ్తాడన్న లెక్క మీద నిలబడింది. పట్టణం అంచున ఇల్లు కట్టుకుని, రాత్రి తొమ్మిదింటికి దుకాణం మూసి ఇంటికి పోవలసినవాడు ఆ లెక్కలో ఎక్కడా లేడు.

తర్వాతి దశాబ్దాల్లో జిల్లా సరిహద్దులు పెద్దగా రెండుసార్లు మారాయి. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడి సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం అటు వెళ్లాయి. 2022 ఏప్రిల్ 4న రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి చేరాయి. కచేరీ పనులు మారినంత వేగంగా చదువులు, వైద్యం, బంధుత్వాలు మారవు కనుక ఆ రూట్లకు జనం తగ్గిపోలేదు.

అసలు మార్పు పట్టణం చుట్టూనే జరిగింది. జాతీయ రహదారి నాలుగు వరుసలై ఊరి బయటి నుంచి బైపాసుగా వెళ్లింది. ఎచ్చెర్లలో 1977 నుంచి ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయ పీజీ కేంద్రం 2008లో డాక్టర్ బీఆర్ అంబేద్కర్ విశ్వవిద్యాలయమైంది. దాదాపు అదే కాలంలో రిమ్స్ వైద్య కళాశాల వచ్చింది. చిలకపాలెం వైపు ఇంజనీరింగ్ కళాశాలలు, రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల కర్మాగారాలు వెలిశాయి. ఒకప్పుడు రెండు ఊళ్ల మధ్య పొలాలుగా ఉన్న చోట్ల లేఅవుట్లు పడ్డాయి. ఈ కొత్త జనాన్ని మోసింది పాత పల్లె బస్సే. రణస్థలం బోర్డు పెట్టుకున్న బస్సు విశ్వవిద్యాలయం ముందు ఆగుతుంది గనుక అది విద్యార్థుల బస్సు కూడా అయింది. అయితే అది వెళ్లేది రోడ్డు వెంబడే. రోడ్డుకు కిలోమీటరు లోపల ఉన్న కాలనీలోకి తిరగదు. తిరిగితే వెనక ఊళ్లవాళ్లకు ఆలస్యమవుతుంది. పైగా డిపోలో ప్రతి షెడ్యూలుకూ కిలోమీటరుకు వచ్చే రాబడిని, అంటే ఈపీకేను, సీట్లు నిండే శాతాన్ని, అంటే ఓఆర్‌ను, చూస్తారు. నాలుగైదు కిలోమీటర్లకు ఒకరు దిగి ఒకరు ఎక్కే చిన్న ప్రయాణాలు ఆ రెండు అంకెల్లో విశాఖ నాన్‌స్టాప్ ముందు ఎన్నటికీ నిలబడలేవు.

ఆ ఖాళీలోకి ఆటో వచ్చింది. చట్టం ప్రకారం ఆటోది కాంట్రాక్టు క్యారేజీ పర్మిట్, అంటే బండి మొత్తం ఒకరికి కిరాయికి ఇవ్వాలి తప్ప దారిలో మనిషి మనిషికీ విడిగా ఛార్జీ తీసుకుని ఎక్కించుకోకూడదు. ఆ హక్కు స్టేజి క్యారేజీది, అంటే బస్సుది. కానీ ఏడు రోడ్ల కూడలి దగ్గర, డే అండ్ నైట్ కూడలి దగ్గర నిలబడితే సర్వీసు ఆటో అన్న మాట ఎంత సహజంగా వినిపిస్తుందో తెలుస్తుంది. పట్టణానికి సిటీ బస్సు చేయవలసిన పని దశాబ్దాలుగా వీరే చేశారు. వీరిని కేవలం నిబంధనల ఉల్లంఘనగా చూడటం న్యాయం కాదు.

2015 డిసెంబరులో మున్సిపాలిటీ నగరపాలక సంస్థ అయింది, చుట్టుపక్కల పంచాయతీల విలీనం తలపెట్టారు. అయితే 2021 మార్చిలో రాష్ట్రంలో పుర ఎన్నికలు జరిగినప్పుడు శ్రీకాకుళంలో జరగలేదు. వార్డుకు ఒక ప్రతినిధి ఉండి, మా వీధికి బస్సు కావాలని సమావేశంలో లేచి అడిగే అవకాశం పట్టణానికి లేకపోయింది. జనాభా లెక్క కూడా అడ్డుపడింది. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ 10,000 విద్యుత్ బస్సుల పథకం. దానికి 2011 జనాభా లెక్కల ప్రకారం 3 లక్షలు, ఆపైన ఉన్న నగరాలను గీటురాయిగా తీసుకున్నారు. ఆ లెక్కల్లో శ్రీకాకుళం పట్టణ జనాభా 1.25 లక్షల పైచిలుకే. రోజూ పట్టణంలోకి వచ్చిపోయే ఎచ్చెర్ల, గార, ఆమదాలవలస మండలాల జనం ఆ అంకెలో లేరు. శివారు రవాణా అవసరాన్ని హద్దురాయి లోపలి తలల లెక్కతో కొలవడమే మొదటి పొరపాటు.

ఇప్పుడు స్త్రీశక్తి వచ్చాక ఈ పాత దారుల మీద కొత్త బరువు పడింది. శివారు రూట్లలో తిరిగేవి చాలామటుకు పల్లెవెలుగు బస్సులే కాబట్టి ఇక్కడి మహిళకు దాదాపు ప్రతి బస్సూ ఉచితమే. అటు ఆటోల గిరాకీ పడిపోయిందన్న ఆందోళన రావడంతో ప్రభుత్వం 2025 అక్టోబరులో డ్రైవర్లకు 15,000 రూపాయల చొప్పున సాయం మొదలుపెట్టింది. ఉచితం ఎక్కడ అక్కరకొస్తుందో, ఎక్కడ రాదో ఒకే రోజులో చూడవచ్చు. పొద్దున కాంప్లెక్సులో ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకుని, కూతురి ఫీజు కట్టడానికి ఎచ్చెర్ల వెళ్లిన తల్లికి రానూ పోనూ ఛార్జీలు మిగిలాయి. ఆమె ఇల్లు ఆమదాలవలస రోడ్డుకు లోపలగా వేసిన లేఅవుట్‌లో ఉంటే, బస్సు దిగాక ఆ చివరి కిలోమీటరుకు మళ్లీ ఆటో ఎక్కాలి, చిల్లర తీయాలి. రాత్రి రైలు దిగి శ్రీకాకుళం రోడ్ స్టేషన్ మెట్లు దిగేవారికి ఎదురుగా కనిపించేదీ ఆ ఆటోల వరుసే. ఆ వేళకు నైట్ హాల్ట్ బస్సులన్నీ తమ తమ ఊళ్లకు చేరి, దీపాలు ఆర్పుకుని ఉంటాయి.