కృష్ణ ఎక్కలేని ఎత్తు

పొద్దున మిర్యాలగూడ పొలాలు చూసి సాయంత్రం మర్రిగూడకు వెళ్తే, ఒకే నల్లగొండ జిల్లాలో ఉన్నామా అనిపిస్తుంది. అక్కడ కనుచూపు మేర వరి. ఇక్కడ ఎర్రటి చెల్కలు, బండరాళ్లు, బత్తాయి చెట్లను బతికించుకోవడానికి పక్కపక్కనే వేసిన బోర్లు. పడే వానలో పెద్ద తేడా లేదు. తేడా నేల ఎత్తులో ఉంది.

నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. 1967లో నీళ్లు పారిన ఎడమ కాలువ పల్లం వెంటే సాగింది. అంతకంటే ఎత్తున ఉన్న మునుగోడు, చండూరు, మర్రిగూడలకు భూగర్భజలమే దిక్కయింది.

ఆ నేల అడుగున గ్రానైట్. చివికిన పైపొరలో, లోపలి పగుళ్లలో తప్ప వాన నీటికి చోటు లేదు. అక్కడ నిలిచినన్నాళ్లూ నీరు రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్‌ను కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. నీటిలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి గట్టిపడి విడిపోయేది. ఇక్కడ సోడియం ఎక్కువ, కాల్షియం తక్కువ. అందుకే అది నీటిలోనే ఉండిపోతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఎన్నో ఊళ్ల బావులు ఆ హద్దు దాటాయి. పైగా మన ఎండలకు మనిషి తాగే నీరూ ఎక్కువే. ముందు పళ్లకు గార పడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ కీళ్లు బిగుసుకుని వెన్ను వంగిపోతుంది. పాలు, మంచి తిండి కొనలేని ఇంటి మీదే దెబ్బ గట్టిగా పడుతుంది. రాయి అందరిదీ ఒకటే అయినా బాధ అందరికీ సమానంగా రాలేదు. నా దృష్టిలో భూగోళశాస్త్రం అడగవలసిన అసలు ప్రశ్న ఇదే.

పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించే పద్ధతికి ‘నల్లగొండ’ పేరే పెట్టారు. టాంజానియా, ఇథియోపియాల్లోనూ దాన్ని వాడారు. అయితే రోజూ కలపడం, తేర్చడం, అడుగున చేరిన మడ్డిని పారబోయడం పేద ఇంటికి మోయలేని పని. నదీజలం తేవడమే సరైన దారి. పానగల్లులో కందూరు చోడుల నాటి ఉదయసముద్రం చెరువుకు ఇప్పుడు సాగర్ నుంచి ఎత్తిపోసిన కృష్ణ చేరుతోంది. మిషన్ భగీరథ కుళాయిలూ ఊళ్లకు వచ్చాయి.

కానీ తాగే నీరు మారినంత మాత్రాన బోరు ఆగలేదు. ఆ నీటితో పండే కూరగాయల్లోకి, పశువుల మేతలోకి కొంత ఫ్లోరైడ్ ఇంకా వస్తూనే ఉంటుంది. బిందెలోకే కాదు, ఆ చెల్కల్లోకీ కృష్ణ ఎక్కాలి.